ఉప్పలమ్మ నింపిన అలలు

వారాసిగూడలో ఉప్పలమ్మ నోటికి జడవని మనిషి లేడు. నల్లా వచ్చే పూట ఆమె బిందె పెట్టిందంటే ఆ బిందెను జరిపే మొనగాడు ఆ గల్లీలో ఇంకా పుట్టలేదు. కూరగాయల బండివాడు పుచ్చు వంకాయలు అడుగున దాచి, నిగనిగలాడేవి పైన పేర్చుకుని వస్తే, "ఏంరా, నీ పెండ్లిచూపులల్ల గూడ గిట్లనే చేసిండ్రా నీకు?" అని పదిమందిలో అడిగేది. అట్లాంటి నోరు పోయిన ఆషాఢంలో చప్పబడింది. మాట్లాడడం మానేసిందని కాదు. మాట్లాడేది, తినేది, పడుకునేది, పనికి పోయేది. మాటలో కారం ఒక్కటి పోయింది. కారం లేని ఉప్పలమ్మను చూస్తే జనానికి మునుపటికంటే ఎక్కువ భయం వేసింది.

మొగుడు బిక్షపతి పోయాడు. నలభై ఏళ్ళ కాపురం. ఆమె ఏడవలేదు. చుట్టూ కూచున్న ఆడవాళ్ళు ఆమె కళ్ళవంక దొంగచూపులు చూసి, కాసేపు ఆగి, చివరకు తామే ఏడ్చి లేచిపోయారు. పదకొండో రోజున చిన్నాడబిడ్డ ఉండబట్టలేక అననే అన్నది.

"మా వదినెది గుండె గాదమ్మా, బండ."

ఇంకో రోజైతే ఆ ఆడబిడ్డ ఏడు తరాలను ఉతికి తీగమీద ఆరేసేది. ఆ రోజు, "చారు పోసుకో, అన్నం చల్లారుతున్నది" అని ఊరుకుంది. పన్నెండో రోజు పొద్దున తల దువ్వుకుని పనికి పోయింది.

ఆమె పని ఏమిటో చెబితే వినేవాళ్ళకు నవ్వొస్తుంది. సముద్రం మీద గాలి ఎంత వీచింది, అల ఎంత లేచింది అన్న లెక్కలు పైకి చదవడం ఆమె పని. రాత్రంతా రైల్లో కూచుంటే తప్ప సముద్రం కనబడని ఊళ్ళో, తార్నాక పక్కన, యూనివర్సిటీ రాతి బిల్డింగులో, మొదటి అంతస్తు మూలగదిలో ఆ లెక్కలు సాగుతున్నాయి. పాత ఓడల రిజిస్టర్లు రేకు పెట్టెల్లో వచ్చాయి అక్కడికి. ఓడ సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ పూటకు ఇన్నిసార్లని ఒక మనిషి పైకి వచ్చి, చుట్టూ చూసి, గాలి బలం ఒక గడిలో, అల ఎత్తు అర మీటరుకు ఒకటి చొప్పున ఇంకో గడిలో రాసిపెట్టాలి. అది వాళ్ళ ఆనవాయితీ. అట్లా ఏళ్ళ తరబడి రాసిన రిజిస్టర్లను ఒకరు పైకి చదవాలి, ఒకరు కంప్యూటర్లో కొట్టాలి. చదివేది ఉప్పలమ్మ. కొట్టేది నల్లకుంట నుంచి వచ్చే స్నేహలత.

మూడో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషికి ఆ కుర్చీ ఎట్లా దొరికిందంటారా? ముప్పై ఆరేళ్ళు అదే బిల్డింగులో చీపురు పట్టింది ఉప్పలమ్మ. మొదట్లో ఆ రిజిస్టర్లు చదవడానికి డిగ్రీ చదివిన ఇద్దరిని పెట్టారు. ఒక కన్ను ఫోనులో, ఒక కన్ను రిజిస్టరులో. ఒకనాడు ఊడుస్తూ ఊడుస్తూ వాళ్ళ వెనక నిలబడి, "అది ఏడు గాదు, ఒకటి. గీ దొర ఒకటికి తోక పెడ్తడు. పైన చూడుండ్రి, అన్ని ఒకట్లకూ తోకలే" అన్నది. ప్రొఫెసర్ సుందరరావు వచ్చి చూశాడు. నిజమే. అప్పటికి ఆ ఇద్దరూ కొట్టించిన పేజీల్లో ఒకట్లన్నీ ఏడులై కూచున్నాయి. నెల తిరక్కుండా ఉప్పలమ్మ రిటైరయింది. రిటైరైన మర్నాడే ఆ కుర్చీలో కూచుంది. చీపురు పట్టిన గదిలోనే కుర్చీ వేయించుకున్న మనిషి ఆ క్యాంపస్ మొత్తంలో తానొక్కతే అని ఆమెకు తెలుసు. ఎదుటివాళ్ళకు తెలియకపోతే తెలియజెప్పేది కూడా.

ఆ లెక్కలు కావలసింది భూమికకు. గోల్నాక పిల్ల. ఆలేరు దగ్గర కౌలు చేసి చేసి విసిగి, పట్నం వచ్చి వాచ్‌మన్‌గా కుదిరినవాడి కూతురు. యాభై ఏళ్ళలో సముద్రం మీద గాలి పెరిగిందా, అల పెరిగిందా అన్నది ఆ పిల్ల చదువు. పెరిగితే ఎక్కడ, ఎంత? ఓడరేవుకు గోడ ఎంత ఎత్తు కట్టాలో, ఒడ్డున ఉన్న ఊళ్ళు ఎంత వెనక్కి జరగాలో ఆ లెక్కను బట్టే తేలుతుందని చెప్పేది. ఇప్పుడైతే పైనుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నాయి. అవి లేని కాలానికి ఓడవాడు కంటితో చూసి రాసిందే సాక్ష్యం.

"కంటితోని చూస్తే గాలి ఎట్ల కనబడ్తది?" అని మొదటి రోజే అడిగింది ఉప్పలమ్మ.

"నీళ్ళను చూస్తరు పెద్దమ్మా. అద్దం లెక్క ఉంటే సున్న. అలల మీద తెల్ల నురుగు అక్కడక్కడ కనబడ్తే నాలుగు. నురుగు తెగి గాలికి గీతలు గీతలు కొట్టుకపోతుంటే ఎనిమిది. పన్నెండు దాక ఉంటది."

"పన్నెండు రాసినాయన రాసినంక బతుకుతడా?"

"రాసిండంటే బతికినట్టే గదా."

ఇంకో చిక్కు కూడా చెప్పింది. పాత ఓడలు పొట్టివి. తర్వాతి ఓడలు మేడల్లాంటివి. కొన్నిటిమీద గాలిని కొలిచే గిలక కూడా ఉండేది, అది ఓడతో పాటు పైకి పోయింది. పైన గాలి ఎప్పుడూ ఎక్కువే. రిజిస్టరు చూసి గాలి పెరిగిందనుకుంటాం. పెరిగింది గాలి కాదు, గిలక ఎత్తు. అందుకని ఒక్కో ఓడ ఎత్తు వెతికి పట్టుకుని, ఆ మేరకు తగ్గించుకుంటూ పోతున్నది.

"మా గల్లీల మూడో అంతస్తుల ఆరేసిన చీర ఉరికిపోతది, కిందింట్ల ఆరేసింది పొద్దుమూకినా ఆరది. గంతేనా?"

"గంతే పెద్దమ్మా. గా ముక్క తెల్సుకునేతందుకు నాకు రెండేండ్లు పట్టింది."

"నన్నడుగుతే ఆ పూటనే చెప్పేదాన్ని గదనే."

ఈ ముచ్చట్లన్నీ బిక్షపతి ఉన్నప్పటివి.

పనికి భూమిక పెట్టిన కట్టుబాటు ఒక్కటే. "గడిల ఏముంటే అదే చదువు. ఏం లేకుంటే ఖాళీ అను. నీ మనసుల నుంచి ఏం తియ్యకు." చీకట్లో అల కనబడదు. తుఫాను వచ్చిందంటే తాడు పట్టుకునేవాడు కలం పట్టుకోడు. అందుకని రిజిస్టర్లలో ఖాళీలు చాలానే ఉంటాయి, ఎక్కువగా గాలి ముదిరిన పూటల్లోనే. ఉప్పలమ్మ ఖాళీ అనేది, స్నేహలత గీత కొట్టేది. మొదటి ఏడాది భూమిక ప్రతి యాభై పేజీలకూ ఒక పేజీ తీసి సరిచూసేది. ఒక్క తప్పు దొరకలేదు. ఒక్కటంటే ఒక్కటి. రెండో ఏడు సరిచూడడం మానేసింది. "ఉప్పలమ్మ చదివిందా? అయితే చూసేదేముంది" అని సుందరరావు ఎవరితోనో అంటుంటే ఉప్పలమ్మ గోడ ఇవతలనుంచి విన్నది. బిక్షపతికి ఆ మాట నాలుగుసార్లు చెప్పింది. నాలుగోసారి ఆయన, "విన్ననే, చెవులున్నయి నాకు" అని నవ్వాడు.

ఇక్కడ క్యాంపస్ మస్టర్ సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

రోజుకూలి మీద ఉన్నవాళ్ళకు మస్టరే దేవుడు. పేరు ఎదురుగా నెలకు ముప్పై గడులు. మేస్త్రీ ఎనిమిదింటికి ఒక చుట్టు తిరిగి, కనబడినవాడికి గుర్తు వేస్తాడు. అంత పెద్ద క్యాంపస్‌లో ఒకరు హాస్టల్ వెనక ఉంటారు, ఒకరు మోరీలో దిగి ఉంటారు. మేస్త్రీ కంట పడకపోతే గడి ఖాళీ. ఖాళీ అంటే రానట్టే. అందుకని నెలాఖరున ఆడవాళ్ళందరూ కొంగులు బిగించి మేస్త్రీ మీదికి పోయేవారు. అందరికంటే ముందు ఉప్పలమ్మ. "ముందురోజు గడి చూసి రాయి. నిన్న ఉన్న మనిషి ఇయ్యాల యాడికి పోతది? నువ్వు చూడకుంటే మేం లేనట్టా?" మేస్త్రీ తల గోక్కుని ముందు గడి చూసి రాసేవాడు. అట్లా ఎన్ని ఖాళీలు నింపించిందో ఉప్పలమ్మకే లెక్క లేదు. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. ఖాళీ గడి అంటే మనిషి లేకపోవడం కాదు, చూసేవాడు లేకపోవడం. ఆమె బతుకంతా నేర్చుకున్న న్యాయం అది.

బిక్షపతి అదే క్యాంపస్‌లో తోటపని. చివరిదాకా కాంట్రాక్టరు కిందనే. ఆషాఢంలో ఒకరోజు పొద్దున ఆరింటికి పనికి పోయాడు. ఆ ఏడు వాన ముఖం చాటేసింది, మొక్కలకు నీళ్ళు పెట్టాల్సి వచ్చింది. పదిన్నరకు హాస్టల్ పిల్లలు చూశారు, మందారాల వెనక పడి ఉన్నాడు. పైపు పారుతూనే ఉన్నది. నాలుగు మళ్ళు నిండి, ఐదో మడి పొర్లి దారిమీదికి పోతున్నది.

కర్మలయినాక కాగితాల కోసం ఉప్పలమ్మ కాంట్రాక్టరు మనిషి దగ్గరికి పోయింది. వాడు మస్టర్ తెరిచాడు. బిక్షపతి పేరు ఎదురుగా వరుసగా గుర్తులు, ఆ రోజు గడి ఖాళీ, ఆ తర్వాత చివరిదాకా అడ్డగీత.

"ఆయన ఆ దినం వచ్చిండు" అన్నది ఉప్పలమ్మ.

"ఎనిమిదింటికి కనబడలేదమ్మా. కనబడకుండ ఎట్ల రాసేది?"

నాలుగు మళ్ళు నిండినయి కదరా, అనవచ్చు. ముందు గడి చూసి రాయరా, అనవచ్చు. ముప్పై ఆరేళ్ళు ఊరందరి కోసం అన్న మాటే. ఆ రోజు ఒక్కటీ అనలేదు. వాడు చూపించిన చోట సంతకం పెట్టి వచ్చేసింది. కోపం రాలేదు. ఏడుపు రాలేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, మనిషి మొత్తం అట్లా అయింది.

పనిలోకి వచ్చిన వారానికి ఐదో నంబరు పెట్టె తెరిచారు. ఆమె చదువుతున్నది. గాలి ఏడు, అల ఎనిమిది. గాలి ఎనిమిది, అల తొమ్మిది. ఆ కింద గడి ఖాళీ. స్నేహలత వేళ్ళు కీల మీద పెట్టి చూస్తున్నది.

"ఊ, అక్కా?"

ఖాళీ అనాలి. ఆ మాట గొంతులోనుంచి రాలేదు. ఉప్పలమ్మ పై గడి చూసింది.

"తొమ్మిది" అన్నది.

స్నేహలత తొమ్మిది కొట్టింది. ఆమె కళ్ళు ఎప్పుడూ తెరమీదే. రిజిస్టరు ఉప్పలమ్మ వైపు తిరిగి ఉంటుంది. ఆ తర్వాతి గడీ ఖాళీయే. మళ్ళీ తొమ్మిది. అట్లా ఆ రోజు, మర్నాడు, ఆ తర్వాత దసరా దాకా, దీపావళి దాకా. తప్పు చేస్తున్నానన్న తలపు కూడా ఆమెకు లేదు. ఆ మాటకొస్తే ఏ తలపూ లేదు. పొద్దున లేవడం, చదవడం, సాయంత్రం పోయి అన్నం ముందు కూచోవడం.

"ఏందక్కా, గీ పెట్టెల ఓడలోళ్ళు మంచోళ్ళున్నట్టున్నరు, ఒక్క ఖాళీ గూడ వదుల్తలేరు" అన్నది ఒకరోజు స్నేహలత.

"పనిమంతులు" అన్నది ఉప్పలమ్మ.

మాఘం వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం భూమిక ఎగురుకుంటూ వచ్చి, ఉప్పలమ్మ చెయ్యి పట్టి లేవదీసింది. లెక్కలు పూర్తయ్యాయట. ఫాల్గుణం దాటకుండా థీసిస్ ఇచ్చెయ్యాలట. తార్నాక చౌరస్తా దగ్గర, మెట్రో కింద ఉన్న హోటల్‌కు లాక్కుపోయింది. రెండు దోసెలు చెప్పింది. దోసెలు వచ్చేలోగా బల్లమీద లాప్‌టాప్ తెరిచింది.

"చూడు పెద్దమ్మా. నువ్వు చదివిన గీత."

తెరమీద ఒక గీత ఎడమనుంచి కుడికి పాకుతూ పోయి, ఒక చోట గుట్ట ఎక్కినట్టు పైకి లేచింది.

"గీడ చూడు. దక్షిణం దిక్కు సముద్రం. పాత రోజులల్ల అల గింతే. తర్వాత మెల్లగ పెరుగుకుంట వచ్చింది. గీ ఏండ్లు రాంగనే ఒక్కసారి లేసింది. నేను నమ్మలే. గిలకల ఎత్తు తీసేసి చూసిన. ఓడల సైజు తీసేసి చూసిన. పోలే. తుఫానులు ఆగకుండ రెండేసి రోజులు, మూడేసి రోజులు నిలబడ్డయి గా ఏండ్లల్ల. ఎవ్వలూ చెప్పలే గిది ఇంతకుముందు."

"గా గుట్ట... ఏ పెట్టెలకెల్లి వచ్చింది?"

"ఐదోది, ఆరోది. శ్రావణం నుంచి దీపావళి దాక చదివినవు చూడు, గవే."

దోసెలు వచ్చాయి. భూమిక ఒక ముక్క తుంచి, చట్నీలో ముంచి, "మా నాయనకు చెప్పిన పెద్దమ్మా" అన్నది. "ఏమన్నడో తెల్సా? సముద్రం సంగతి సరే గని, గోల్నాకల మూసీ వాసన ఎప్పుడు తగ్గుతదో లెక్క తియ్యి అన్నడు." తన మాటకు తనే పడీ పడీ నవ్వింది.

ఉప్పలమ్మ దోసె తిన్నది. మొత్తం తిన్నది. రుచి తెలియలేదు, రుచి తెలిసి ఏడు నెలలయింది. కానీ ఆ గుట్ట ఎవరిదో తెలిసింది. తుఫాను మూడు రోజులు నిలబడలేదు. నిలబెట్టింది తాను. ఓడవాడు పొద్దున తొమ్మిది రాసి, తాడు పట్టుకోవడానికి పోయి, మర్నాడు సాయంత్రం వచ్చి నాలుగు రాశాడు. నడుమ అల ఎప్పుడు దిగిందో ఆయన చూడలేదు. చూడని పూటలన్నిటికీ తాను తొమ్మిది కట్టబెట్టింది. ఖాళీలు పడేదే గాలి ముదిరినప్పుడు కాబట్టి, నింపిన ప్రతి గడీ పెద్ద అంకెతోనే నిండింది.

తొమ్మిది రోజులు ఆమె ఎవరికీ చెప్పలేదు.

చెబితే కుర్చీ పోతుంది. కుర్చీ పోతే పోయింది, పేరు పోతుంది. ఉప్పలమ్మ చదివిందా, అయితే చూసేదేముంది అన్న పేరు. ఆమెకు మిగిలింది అదొక్కటే. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ రేకు పెట్టెలు మళ్ళీ తెరిచే నాథుడు ఎవడు? అయితే ఎవడో ఒకడు తెరుస్తాడు. అది కూడా ఆమెకు తెలుసు. పెద్ద పెద్దవాళ్ళ ముందు ఆ పిల్లను నిలబెట్టి, "ఇక్కడ ఖాళీ ఉంది, నువ్వు తొమ్మిది ఎక్కడినుంచి తెచ్చావ్?" అని అడుగుతాడు. అడుగున పుచ్చు వంకాయలు పెట్టినవాడిని పదిమందిలో ఎట్లా నిలబెట్టాలో ఉప్పలమ్మకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ నిలబడేది భూమిక అవుతుంది.

ఇవన్నీ ఆమె తాపీగా, వేరే ఎవరి సంగతో ఆలోచించినట్టు ఆలోచించింది. పదో రోజు పొద్దున ఐదో పెట్టె తెరిచి, ఒక రిజిస్టరు తీసి, భూమిక బల్లమీద పరిచింది.

"గీడ ఏమున్నది చదువు."

భూమిక వంగి చూసింది. "ఖాళీ."

"నీ కంప్యూటర్ల చూడు. గదే తారీఖు."

భూమిక కీలు నొక్కింది. చాలాసేపు తెర చూసింది. "తొమ్మిది ఉన్నది."

"కిందిది?"

"ఖాళీ... గీడ తొమ్మిది." పిల్ల తెర వదిలి తల తిప్పింది. "స్నేహక్క తప్పు కొట్టిందా?"

మూలనుంచి స్నేహలత లేచి నిలబడింది. "అయ్యో, నేనేడ..."

"నువ్వు కూసో" అన్నది ఉప్పలమ్మ. "ఆమె నేను చెప్పిందే కొట్టింది. ఖాళీ ఉన్నకాడల్ల నేను పై గడి చూసి చెప్పిన."

"ఎన్ని?"

"తెల్వది."

"ఎప్పటిసంది?"

"మీ పెద్దబాపు పోయినకాడికెల్లి."

భూమిక కుర్చీలో వెనక్కి వాలింది. తర్వాత నవ్వు లాంటిది వచ్చింది ముఖంలోకి, నవ్వు కాదు.

"ఓడల ఎత్తు చూసిన. గిలకల ఎత్తు చూసిన. రాత్రి చూసిండ్రా పగలు చూసిండ్రా, పొట్టోడు చూసిండా పొడుగోడు చూసిండా, అన్నీ చూసిన. నిన్ను చూడలే పెద్దమ్మా."

"చూడకుండ చేసింది నేనే గదా."

"ఎందుకట్ల చేసినవ్? ఖాళీ అంటే ఏం పోయింది నీకు?"

ఉప్పలమ్మ ఖాళీ గడి మీద వేలు పెట్టింది.

"మనిషి ఉన్నడు గద బిడ్డా. గంత గాలిల, గంత వానల, మనిషి ఆడ ఉన్నడు. ఖాళీ అని ఎట్ల చెప్పాలె?"

"ఉన్నడు. నేను కాదంటనా? కని అల ఎంత ఎత్తున్నదో ఆయన చూడలే. గా రెండూ ఒకటి గాదు పెద్దమ్మా." ఆ మాట గట్టిగానే అన్నది. అని, లాప్‌టాప్ మూసి, బయటికి వెళ్ళిపోయింది. ఆ రోజు మళ్ళీ రాలేదు.

మర్నాడు సుందరరావు పిలిపించాడు. ఆయన అరిచే మనిషి కాదు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ, థీసిస్ ఈసారికి ఆపామని, ఆరు నెలలు గడువు అడిగామని, ఆ రెండు పెట్టెలూ మొదటినుంచి చదవాలని చెప్పాడు. చదవడానికి వేరే మనిషిని చూస్తున్నామన్నాడు.

"చూడుండ్రి సార్. కని గా దొరల చేతిరాత నాకు తప్ప ఎవ్వలకు తెల్వదు. ఒకాయన ఆరును ముడి వేస్తడు, ఒకాయన సున్నకు మూతి పెట్టడు. కొత్తోళ్ళు వస్తే ఖాళీలు సక్కగనే చదువుతరు, అంకెలు తప్పు చదువుతరు. నన్నే కూసోబెట్టుండ్రి. పక్కన ఒకరిని పెట్టుండ్రి, నేను చదివింది గడి గడికి చూసేటట్టు. నా మీద నమ్మకం పెట్టమని నేను అడుగుతలేను."

సుందరరావు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "పక్కన ఎవరు కూచుంటారు?"

"నేను కూసుంట సార్" అన్నది వాకిట్లో నిలబడ్డ భూమిక. ఉప్పలమ్మ వైపు చూడకుండానే అన్నది.

అట్లా మళ్ళీ మొదలైంది. మొత్తం పంతొమ్మిది రిజిస్టర్లు. ఉప్పలమ్మ చదివేది. పక్కన కుర్చీలో భూమిక గడి గడికీ వేలు పెట్టి చూసేది. అవతల స్నేహలత కొట్టేది. మొదటి పదిహేను రోజులూ భూమిక పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఆమె వేలు ప్రతి గడి మీదా ఆగి, ఉప్పలమ్మ నోటినుంచి అంకె వచ్చాక కిందికి జరిగేది. ముప్పై ఆరేళ్ళలో ఏ మేస్త్రీ కూడా తన మీద అట్లా నిఘా పెట్టలేదు. ఈ వయసులో ఒక చిన్నపిల్ల వేలు కింద చదవాల్సి వచ్చింది. సిగ్గు వేయాల్సిందే. వేయలేదు. వేసినా తెలియలేదేమో.

పదహారో రోజు మధ్యాహ్నం ఉప్పలమ్మ డబ్బా తెరుస్తుంటే భూమిక తొంగిచూసింది.

"ఏం కూర?"

"తోటకూర."

"ఉప్పు వేసినవా ఇయ్యాలనన్న? మొన్న స్నేహక్కకు పెట్టినవంట, ఉప్పే లేదంట."

ఉప్పలమ్మ ఒక ముద్ద తిని చూసింది. "వెయ్యలే" అన్నది. భూమిక తన డబ్బాలోంచి మామిడికాయ తొక్కు తీసి ఆమె అన్నం పక్కన వేసింది. అంతే. మంచి చేసుకోవడం అన్నది జరిగిందా అంటే, అదే.

చైత్రం పోయింది, వైశాఖం వచ్చింది. గది రాతిగోడలు కూడా వేడెక్కాయి. ఐదో పెట్టె అయిపోయాక భూమిక కొత్త లెక్కతో గీత గీసి చూసింది. గుట్ట కూలిపోయింది. గుట్ట కింద ఉన్న నేల మాత్రం పూర్తిగా చదును కాలేదు. అల పెరిగింది, నిజంగానే పెరిగింది, కాకపోతే కొద్దికొద్దిగా, ఏళ్ళ మీద, ఎవరూ ఎగిరి గంతేయనంత మెల్లగా.

"గింత సప్పటి గీతకు ఎవ్వలు విలువిస్తరే?" అన్నది ఉప్పలమ్మ.

"నిజమైన గీత గిట్లనే ఉంటది పెద్దమ్మా." భూమిక ముఖంలో సంతోషం లేదు, బాధా లేదు. "పుస్తకంల రాస్త. గీ రిజిస్టర్లల్ల ఖాళీలు ఒకసారి నింపబడ్డయి, మళ్ళ చదివి తీసేసినం అని."

"నింపబడ్డయి ఏంది? వాటంతట అవి నిండినయా? ఉప్పలమ్మ నింపింది అని రాయి."

"పేరు ఎందుకు?"

"తప్పు నాది. పేరు లేని తప్పు పదిమంది మీద పడ్తది. రేపు స్నేహను అనుమానపడ్తరు."

భూమిక రాసుకుంది. అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో ఉప్పలమ్మ వంగి చూసుకుంది.

ఆరో పెట్టెలో చివరినుంచి రెండో రిజిస్టరు. గాలి పెరుగుతూ వస్తున్నది. ఐదు, ఏడు, తొమ్మిది. అల పది, పన్నెండు, పదమూడు. ఆ పదమూడు రాసిన చెయ్యి వణికినట్టు గీత పక్కకు జారింది. ఆ కింద గడి ఖాళీ.

"ఖాళీ" అన్నది ఉప్పలమ్మ. స్నేహలత గీత కొట్టింది. భూమిక వేలు కిందికి జరిగింది.

"ఖాళీ."

"ఖాళీ."

పదకొండు గడులు. తారీఖులు మాత్రం ముందే వేసిపెట్టి ఉన్నాయి, వాటి ఎదురుగా ఏమీ లేదు. పోయిన దీపావళి ముందర ఇవే గడులకు తాను పదకొండుసార్లు పదమూడు అని చెప్పి ఉంటుంది. గుర్తు లేదు. ఇప్పుడు పదకొండుసార్లు ఖాళీ అన్నది, ఒక్కచోట కూడా ఆగకుండా, ఒకే గొంతుతో. పన్నెండో గడిలో అంకె ఉన్నది. చెయ్యి వేరు. గుండ్రంగా, నిదానంగా, బడిపిల్లవాడు రాసినట్టున్న కొత్త చెయ్యి.

భూమిక వేలు అక్కడ ఆగింది. "చెయ్యి మారింది పెద్దమ్మా."

"మారింది."

"మొదటాయన ఏమయ్యిండో?"

ఉప్పలమ్మ ముందు పేజీ తిప్పి చూసింది. వెనక పేజీ తిప్పి చూసింది. రాతకోసం వదిలిన అంచుల్లో కూడా వెతికింది.

"రాయలే" అన్నది.

స్నేహలత తెర మీదినుంచి తల తిప్పకుండా, "ఊ, అక్కా?" అన్నది.

"గాలి ఆరు" అన్నది ఉప్పలమ్మ. "అల ఏడు."